ఇరవైమూడో ఛానెల్‌లో ఎవరూ లేరు

ఫిబ్రవరి 19

ట్రక్ స్టాప్ యాజమాన్యం తరఫున ఒక మనిషి వచ్చి వెళ్లాడు. డీజిల్ పంపులకూ ఫలహారశాలకూ మధ్యనున్న నా రేడియో దుకాణం గడువు ఏప్రిల్ నెలాఖరుకు తీరిపోతుంది. మరో రెండేళ్లు కొనసాగదలచుకుంటే ఆ నెల పదో తేదీలోగా సంతకం చేయాలట. చేయకపోతే ఈ గదిలో ఫోన్ చార్జర్లూ మెడ దిండ్లూ పెట్టుకుంటారట. మరోవైపు ఆర్విల్ హాస్కెట్ గారు హోల్బీ ఊళ్లో తమ పాత విత్తనాల దుకాణంలో సగం నాకు ఇస్తామంటున్నారు, అక్కడ హామ్ రేడియోలు మాత్రమే అమ్మాలన్న నియమంతో. హోల్బీ ఈ రహదారికి బాగా ఉత్తరాన ఉంది. ట్రక్కులు అటు రావు.

ఇటువంటి విషయాలను ఆవేశంతో తేల్చకూడదు. రెండు మార్కెట్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

కొత్త సీబీ సెట్లు, అంటే ట్రక్కులవాళ్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలు. మొదటిది, కొనేవాడికి పరీక్ష అక్కరలేదు, అనుమతిపత్రం అక్కరలేదు. ట్రక్కులో బిగించుకుని మీట నొక్కి మాట్లాడడమే. రెండవది, కొత్తదనం తక్కువ. స్క్రూలు విప్పి చూస్తే సగానికి పైగా సెట్ల లోపల ఒకటే సర్క్యూట్ పలక. పైనున్న రంగూ, దీపాలూ, మెరుగూ మాత్రమే వేరు. మూడేళ్ల కిందట సీబీలో హోరు తగ్గించే ఎఫ్.ఎమ్. పద్ధతికి అనుమతి వచ్చినప్పుడు కాస్త కదలిక కనిపించింది, తరువాత అదీ సద్దుమణిగింది. మూడవది, మాట నాలుగైదు మైళ్లు పోతుంది. నాలుగవది, కుర్ర డ్రైవర్లకు ఫోన్ చాలు. పశువుల ట్రక్కులవాళ్లు మాత్రం సీబీ లేనిదే కదలరు.

హామ్ సెట్లు, అంటే సరదా కొద్దీ దూరదేశాలతో మాట్లాడేవాళ్ల రేడియోలు. ఏటా కొత్త నమూనాలు వస్తాయి. పరీక్ష రాసి పాసైనవాళ్లే వాడాలి. మాట సముద్రాలు దాటుతుంది. ఇంట్లో ఏడు సెట్లున్న పెద్దమనిషి ఎనిమిదవదాని కోసం వస్తాడు, మధ్యాహ్నమంతా ప్రశ్నలు అడుగుతాడు, ఇంటికి వెళ్లి దానినే ఇంటర్నెట్‌లో తెప్పించుకుంటాడు. అయినా పెరుగుతున్న మార్కెట్ అదే. ఇందులో సందేహం లేదు.

సీబీకి సంబంధించి అయిదవది: నోరీన్ ట్రాస్క్ తన పశువుల ట్రక్కుతో నెలలో రెండుసార్లు ఈ దారిన వస్తుంది.

ఇది మార్కెట్‌కు సంబంధించిన అంశం కాదు. కొట్టివేశాను.

ఫిబ్రవరి 21

ఆకాశం తెరుచుకుంది. ఈ ఏడాది సూర్యుడి మీద మచ్చలు ఎక్కువ. అందువల్ల పగటివేళ పైగాలి ఒక అద్దంలా మారి దూరపు గొంతులను తెచ్చి మా మీద వంపుతోంది. కిటికీ బయట మంచు పట్టిన మొక్కజొన్న మోళ్లు. లోపల, గల్లా మీది సెట్‌లో, ఎక్కడి గొంతులో. ఒకతను తన పడవ పేరు పదేపదే చెప్పాడు. ఒకామె స్పానిష్‌లో ఎవరినో బుజ్జగించింది. ఫ్లోరిడా నుంచి కాబోలు, ఒక ముసలి గొంతు, "మా దగ్గర నారింజలు పూశాయి, వాసన ఇంట్లోకి వస్తోంది," అని ఎవరికీ కాకుండా చెప్పి మాయమైంది.

అంత దూరం వినబడుతున్నంతసేపూ, ఎదుటి పంపు దగ్గర నిలబడ్డ డ్రైవర్ మాట మాత్రం వినబడలేదు.

ఫిబ్రవరి 24

గాలి. ఎవరూ రాలేదు. మూడు సెట్లు పరీక్షించాను.

ఫిబ్రవరి 27

నోరీన్ వచ్చింది. తూర్పున పశువులను దింపి, ట్రెయిలర్ కడుక్కుని, ఖాళీగా తిరిగి వెళుతోంది. నిండు బండితో ఉన్నప్పుడు ఆమె ఆగదు. వెనక పశువులు నిలబడి ఉండగా ముందు డ్రైవర్ కూర్చుని కాఫీ తాగడం ఆ వృత్తిలో తప్పు. కడిగినా వాసన పోదు కాబట్టి బండ్లు నిలిపే స్థలం చిట్టచివర, గాలివాలున బండి నిలిపి నడిచి వస్తుంది.

"మళ్లీ గొంతు పలచబడిందయ్యా కొలబద్దా," అని సెట్‌ను గల్లా మీద పెట్టింది. కొలబద్ద నా గాలిపేరు. రేడియోలో నన్ను అందరూ అలాగే పిలుస్తారు. "నిన్న వెనక బండివాడు, పీపాలో కూర్చుని మాట్లాడుతున్నావా అన్నాడు."

"చూస్తానండి."

"అండీ ఏంటి? ముసలిదాన్ని చేసేశావు."

"చూస్తాను."

"అదీ. పోనీ ఈ గోడకున్న కొత్తవాటిల్లో ఏది కొనమంటావో చెప్పు."

గోడకున్నవాటిలో ఏదీ ఆమె పాత సెట్‌కు సాటి రాదనీ, లోపల అన్నీ ఒకటేననీ, అందులో రెండింటికి దీపాలు మూడు నెలలకే ఆరిపోతున్నాయనీ వివరించాను.

"వద్దు వద్దు అంటూ అమ్మే షావుకారిని నిన్నే చూశాను," అంది.

మైక్ కొనలోని మర వదులైంది, బిగించాను. కిందటిసారీ అదే, అంతకు ముందూ అదే. ఆ రకం మర దానంతట అదే వదులయ్యే స్వభావం కలది కావచ్చు. తయారీదారుకు రాయాలి.

తరువాత ఆమె కుర్చీలో కూర్చుని కాఫీ తాగింది, మరో కప్పు తాగింది. ఆమె గాలిపేరే రెండో కప్పు. ఒక దూడ దారిపొడుగునా పలకల సందులోంచి పక్క అద్దంలో తననే చూస్తూ వచ్చిందని చెప్పింది. "దాని మొహం చూసి రేడియో ఆపేశానయ్యా, సిగ్గేసి," అంది. ఏం సిగ్గు అని అడగవలసింది. అడగలేదు.

ఆమె వెళ్లాక తక్కిన సెట్లు పరీక్షించాను. దీనికి నేనే చేసిన మూగడబ్బా వాడతాను: రంగుల డబ్బాలో నూనె పోసి, అందులో నిరోధకాన్ని ముంచి, ఏంటెనాకు బదులు సెట్‌కు తగిలిస్తాను. మాటనంతా అది తిని వేడిగా మార్చేస్తుంది. ఏదీ బయటికి పోదు. అందరూ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ పరీక్షిస్తారు. అంకెల్లో అన్ని ధ్వనులూ పలకవు కనుక నేను పూర్తి వాక్యాలు వాడతాను. అదీ ఎవరూ లేని ఇరవైమూడో ఛానెల్‌లో.

ఇవాళ్టి వాక్యం: "మీరు వెళ్లాక కుర్చీని దాని చోటికి జరపడానికి నాకు మనసు రాదు."

అక్షరాలన్నీ స్పష్టంగా పలికాయి. సెట్ బాగుంది.

మార్చి 4

హాస్కెట్ గారు వచ్చారు. హోల్బీ బడిలో లెక్కల మాష్టారుగా చేసి దిగిపోయారు. ఊరి హామ్ సంఘానికి ఆయనే పెద్ద.

"ఏమయ్యా లీలండ్, ఇంకా ఈ బొమ్మలే అమ్ముతున్నావా?"

"బొమ్మలు అడిగేవాళ్లు రోజూ వస్తున్నారండి."

"సీబీ అంటే సారాకొట్టయ్యా. ఎవడుపడితే వాడు దూరి అరుస్తాడు. మాది గ్రంథాలయం."

"గ్రంథాలయంలో మాట్లాడకూడదు కదండీ."

ఆయన నవ్వలేదు. కొంచెం నవ్వారేమో. "ఎవరి దగ్గరా చదువుకోకుండా పరీక్షలో ఒక్క తప్పు లేకుండా పాసయ్యావు. గాలిలో నీ గొంతు మాత్రం ఏడాదికొకసారి కూడా వినం. ఏం?"

ఏంటెనా సరిగా లేదని చెప్పాను. ఏంటెనా సరిగానే ఉంది. ఫిన్లాండ్‌తో మాట్లాడాను, చిలీతో మాట్లాడాను. వాళ్లు నా సంకేతం ఎంత బలంగా అందుతోందో చెబుతారు, నేను వాళ్లది చెబుతాను, ఏ సెట్, ఏ ఏంటెనా, ఎండా వానా, సెలవు. అంతా మర్యాదగా, లోపం లేకుండా జరుగుతుంది. ముగిశాక గది మునుపటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

ఏప్రిల్ ఎనిమిదిన గ్రహణం. సూర్యుడు మరుగైనప్పుడు దూరపు గొంతులు ఏమవుతాయో వినడానికి సంఘమంతా విత్తనాల దుకాణంలో చేరుతుందట. అప్పుడే ఒప్పందపు కాగితం కూడా ముగిద్దామన్నారు. "ఒంటి గంటకల్లా వచ్చెయ్. నీ కుర్చీ కిటికీ దగ్గర వేయిస్తాను," అన్నారు. మంచి మనిషి.

సరేనన్నాను.

మార్చి 9

మబ్బు. నాలుగు సెట్లు పరీక్షించాను. వాటిలో రెండింటికి అవసరం లేదు.

మార్చి 13

ఉల్లిగడ్డ వచ్చాడు. అసలు పేరు క్లైడ్ వెంజెల్, ఉల్లిపాయలు తోలుతాడు. ఈ మధ్య పొద్దుటి ఫలహారానికి ఆగే ట్రక్కులు నా దుకాణం ముందు వరుసల్లోనే నిలవడం గమనిస్తున్నాను. ఫలహారశాల ముందు చోటున్నా ఇటే వస్తున్నారు.

"ఇవాళ పరీక్షలు ఎన్నింటికయ్యా, కొలబద్దా?"

"పదింటికి. ఎందుకు?"

"ఏం లేదు. కాఫీ అప్పటిదాకా ఆపుకుందామని."

"నా పరీక్షలకూ నీ కాఫీకీ సంబంధం ఏమిటి?"

"పద్ధతిగల మనిషి పని చేస్తుంటే చూడ్డం అదో తృప్తి," అని, ఏదో మింగుతున్నట్టు అటు తిరిగాడు.

పనిలోని కచ్చితత్వాన్ని డ్రైవర్లు ఇంతగా గౌరవిస్తారని అనుకోలేదు. సీబీకి అనుకూలమైన అంశాల్లో చేర్చాను.

మార్చి 20

పొద్దున ప్లాట్ నది మీదుగా కొంగలు లేచాయి. ఇంత దూరానికి కూడా ఆ రొద వచ్చింది. అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయో, పిలుపు తగ్గితే పడిపోతామని భయపడతాయో తెలియదు. చాలాసేపు తలుపు దగ్గర నిలబడ్డాను. పొలాల మీద లేత ఆవిరి. కల మధ్యలో మెలకువ వచ్చి, మెలకువ కూడా కలేనని తెలిసినట్టుగా ఉంది.

నిన్నటి వాక్యం: "రహదారి మీద వెయ్యి బండ్లు పోతాయి. మీ బండి గేరు మారినప్పుడు మాత్రం నేను తల ఎత్తుతాను."

ఇవాళ్టిది: "నేను మాట్లాడడం నేర్చుకున్నది యంత్రాలను బాగుచేయడానికి. మనుషులతో ఎలా మొదలుపెట్టాలో ఎక్కడా రాసిలేదు."

రెండవది పొడవు ఎక్కువ. పరీక్షకు అంత అవసరం లేదు.

మార్చి 26

నోరీన్ వచ్చింది. ఈసారి సెట్ తేలేదు.

"విత్తనాల కొట్టుకి వెళ్లిపోతున్నావటగా?"

"ఇంకా తేలలేదు. రెండు మార్కెట్లనూ పోల్చి చూస్తున్నాను."

"ఏం తేలింది?"

పెరిగేది హామ్ అని చెప్పాను. నాలుగు అంశాలూ చెప్పాను. ఆమె విన్నది, కానీ మధ్యలో ఒకసారి నా వేళ్లకేసి చూసింది. అప్పుడు నేను లేని దుమ్మును గల్లా మీద తుడుస్తున్నాను.

"నాక్కూడా ఒకటి తేలాల్సి ఉందిలే," అంది. "టెక్సాస్‌లో ఒక పశువుల కంపెనీ పిలుస్తోంది. అక్కడక్కడే తిరగడం, ఈ దారి ఇక రానక్కర్లేదు. తొమ్మిదో తారీఖులోగా చెప్పాలి. నువ్వేమంటావు?"

ఆమె కుర్చీలో ముందుకు జరిగి కూర్చుంది.

"దక్షిణాన మంచు తక్కువ," అన్నాను. "టైర్లు ఎక్కువకాలం మన్నుతాయి."

"టైర్లు."

"అవును."

"మంచిది కొలబద్ద గారూ," అంది. ఆమె నన్ను గారు అనడం అదే మొదలు. ఒక్క కప్పే తాగి వెళ్లింది.

మంచు విషయంలో నేను చెప్పినది వాస్తవమే.

మార్చి 27

పరీక్షలు లేవు.

మార్చి 28

లేవు.

ఏప్రిల్ 2

జరిగినది యథాతథంగా రాస్తున్నాను.

ఉల్లిగడ్డ లోపలికి వచ్చి టోపీ తీశాడు. అతను టోపీ తీయగా ఎప్పుడూ చూడలేదు.

"వారం నుంచి పరీక్షలు లేవేంటయ్యా? ఒంట్లో బాగోలేదా?"

"సెట్లు రాలేదు."

"సెట్లు లేకపోతే ఏం? మేం ఇక్కడ ఆగేది దానికేగా."

"దేనికి?"

అతను నాకేసి చూశాడు. కిటికీలోంచి తన బండికేసి చూశాడు. మళ్లీ నాకేసి చూశాడు.

"ఓరి దేవుడా, నీకు తెలీదన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "మేం అనుకున్నాం, సగం తెలిసే మాట్లాడుతున్నావని. నీ డబ్బా కారుతోందయ్యా. నూనె కాదు, మాట. ముందు నాలుగు వరుసల దాకా ఇరవైమూడులో చర్చి గంటలాగా వస్తుంది."

"ఎప్పటినుంచి?"

"నేను వినడం నవంబరు నుంచి."

కూర్చున్నాను. ఆమె కుర్చీలో కూర్చున్నానని తరువాత తెలిసింది.

"ఎవరూ చెప్పలేదే?"

"చెప్తే ఆపేస్తావుగా. ఆ కుర్చీ మాట అన్నరోజు, పక్క బండివాడు లేడూ, రోజూ పెళ్లాన్ని తిట్టుకుంటాడే, వాడు ఇంటికి ఫోన్ చేసి పొద్దెక్కేదాకా మాట్లాడాడు. నేనైతే ఉల్లిపాయల మీదకి నెట్టేశాను, కళ్లు మండుతున్నాయని."

"ఆమెకు తెలుసా?"

"ఆమె బండి ఆ చివర్న ఆపుతుంది. అంతదూరం రాదు. మేమూ చెప్పలేదు. ఒకరి ఉత్తరం ఇంకొకరు చదివి వినిపించకూడదు, అది రోడ్డు మర్యాద." టోపీ పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, "అయినా, మాకు చెప్పినవన్నీ ఆమెకే చెప్పరాదూ? మేమేం చేసుకోవాలయ్యా వాటిని?" అన్నాడు.

ఏప్రిల్ 3

డబ్బాను విప్పి చూశాను. నిరోధకం విలువ సరిగ్గా ఉంది. నూనె శుభ్రంగా ఉంది. వేడి ఎంత పుడుతుందో ప్రతి నెలా కొలిచేవాణ్ని. మూతకూ డబ్బాకూ మధ్య లోహపు అతుకు చాలినంత లేదు, అక్కడినుంచి జారింది. ఈ ఒక్కటీ పట్టుబడాలంటే, నేను లోపల మాట్లాడుతున్నప్పుడు బయట నిలబడి వినడానికి మరొక మనిషి కావాలి. నాకు ఆ ఏర్పాటు లేదు.

చుట్టూ టంకం పోశాను. ఉల్లిగడ్డను బండిలో కూర్చోబెట్టి పరీక్షించాను. ఒకటి, రెండు, మూడు అన్నాను.

తిరిగి వచ్చి, "చిన్న ముక్క కూడా రావట్లేదు," అన్నాడు. "పాడు చేశావు పో."

ఏప్రిల్ 6

నోరీన్ ఎనిమిదిన మధ్యాహ్నం నిండు బండితో తూర్పుకు పోతుందని ఉల్లిగడ్డ చెప్పాడు. అంటే ఇక్కడ ఆగదు. ఆ రోజు ఆ వేళకు నేను హోల్బీలో ఉండాలి.

హోల్బీకి వెళ్లడానికి కారణాలు ఒక పుట నిండా రాశాను. చదివి చూశాను. అన్నీ సరైనవే.

ఏప్రిల్ 8

దుకాణం మూసి వెళుతున్నాను. వివరాలు తరువాత.

ఏప్రిల్ 9

నిన్నటి వివరాలు.

పన్నెండున్నరకు కోటు తొడుక్కుని, హోల్బీకి బయలుదేరడానికి తలుపు దాకా వెళ్లాను. తలుపు తీసి, మళ్లీ మూసి, లోపలికి వచ్చి, గల్లా మీది పెద్ద సెట్‌కు అసలు ఏంటెనా తగిలించాను. ఇరవైమూడు కాదు, పందొమ్మిది. రహదారి మీది ట్రక్కులన్నీ వినే ఛానెల్. ఆకాశం తెరుచుకునే ఉంది: పడవలవాళ్లు, బోధకులు, స్పానిష్ పాటలు, దేశం సగం ఒకేసారి మాట్లాడుతోంది. ఆ హోరులో నాలుగు మైళ్ల అవతలి బండి వినబడే ఆశ లేదు.

అప్పుడు గ్రహణం పట్టసాగింది. వెలుతురు పాత రాగి రంగుకు తిరిగింది. పంపుల నీడలు సన్నబడి, అంచులు కత్తిరించినట్టుగా తేలాయి. బయట ఒక కుక్క ముడుచుకుని పడుకుంది. గొంతులు ఒక్కొక్కటే పలచబడ్డాయి: మొదట పాట, తరువాత బోధకుడు, చివరికి పడవలవాడు, ఎవరో గదిలోంచి గదిలోకి నడిచి దీపాలు తగ్గిస్తున్నట్టుగా. నిశ్శబ్దంలోంచి, పడమటి వైపునుంచి, ఆమె గొంతు వచ్చింది. ఎవరితోనో సూర్యుడి గురించి మాట్లాడుతోంది.

మీట నొక్కాను. "రెండో కప్పు, కొలబద్ద మాట్లాడుతున్నాను."

"నువ్వా? విత్తనాల కొట్లో ఉండాలి కదూ?"

"లేను. మీతో ఒకటి చెప్పాలి."

"వెనక పశువులు నిలబడున్నాయి, నేను ఆగను. ఏంటో చెప్పు."

చెప్పవలసినవి వరుసగా రాసి పెట్టుకున్నాను. కాగితం ఎదురుగానే ఉంది. ఆ వెలుతురులో అక్షరాలు కనబడలేదని రాద్దామనుకున్నాను, కనబడ్డాయి. చదవలేదు.

"టెక్సాస్ వెళ్లకండి," అన్నాను. "టైర్ల మాట వదిలేయండి. మీరు వెళ్లడం నాకు ఇష్టం లేదు."

ఛానెల్‌లో ఒక్క మీట చప్పుడు లేదు. స్థలం నిండా బండ్లున్నాయి, రహదారి నిండా బండ్లున్నాయి, ఎవరూ మాట్లాడలేదు. కిటికీలోంచి ఆమె ట్రక్కు కనిపించింది, ఆ రాగి వెలుతురులో, వేగం తగ్గకుండా. దాటిపోయింది.

అప్పుడు అంది. "లీలండ్, రేడియోలో ఎవరైనా చెప్తారు. ముప్పై మైళ్ల అవతల పశువులు దింపుతాను. అక్కడికొచ్చి మొహం చూపించి చెప్పు."

"వస్తున్నాను."

"కొలబద్దా," ఉల్లిగడ్డ గొంతు, "పంపుల దగ్గర దారి ఖాళీ చేయించాను. బయల్దేరు."

పట్టపగలు దుకాణం మూయడం ఇదే మొదలు.

పశువులశాల ఆవరణలో ఆమె బండి వెనక తలుపు ఎత్తి ఉంది. చివరి ఆవు దిగేదాకా నాకేసి చూడలేదు. సూర్యుడు మళ్లీ నిండుతున్నాడు. నేను చెప్పాను. రేడియోలో చెప్పినంత బాగా రాలేదు. రెండుసార్లు మొదటినుంచి మొదలుపెట్టాను. మూగడబ్బా సంగతి కూడా చెప్పాను.

"అంటే నవంబరు నుంచి ఊరందరికీ తెలుసు, నాకు తప్ప."

"అవును."

"ఏం చెప్పేవాడివి?"

"నాకు వాక్యాలన్నీ గుర్తున్నాయి."

"ఇప్పుడొద్దు," అంది. "ముందు ఈ గొట్టం పట్టుకో. ట్రెయిలర్ కడగాలి. నువ్వు అక్కడ నిలబడితే తడిసిపోతావు."

ఎక్కడ నిలబడాలో రెండు నిమిషాల్లో లెక్క కట్టాను. అయినా తడిసిపోయాను. నీళ్ల ధార పలకలకు తగిలి మొత్తం నా మీదికే తిరిగింది. ఆమె నవ్విన నవ్వుకు కాపలావాడు వచ్చి చూసి వెళ్లాడు. తరువాత చేతులు తుడుచుకుని, నా ముందే టెక్సాస్‌కు ఫోన్ చేసి, "రావట్లేదండీ. లేదు, జీతం గురించి కాదు," అని చెప్పి పెట్టేసింది. నాకు వేరే ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఈసారి అడగకపోవడం భయంచేత కాదు.

ఇవాళ పొద్దున యాజమాన్యం కాగితం మీద సంతకం చేశాను. హాస్కెట్ గారికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. నిన్న ఏం విన్నారని అడిగాను. "దూరమంతా ఆరిపోయిందయ్యా, అద్భుతం," అన్నారు. ఆ మీదట, నా గోడకున్న అరల్లో ఒకటి హామ్ సెట్లకు వదిలితే తామే వచ్చి సర్దుతామన్నారు. వదులుతానన్నాను. మార్కెట్ దృష్ట్యా అది సబబే.

కోటు పొయ్యి దగ్గర ఆరవేశాను. ఇంకా తడిగానే ఉంది. దుకాణమంతా పశువుల కొట్టం వాసన. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని, కిటికీ తెరవవయ్యా అంటున్నారు. తెరవలేదు.